అంతరిక్ష విశ్వవిద్యాలయం పరిశోధనను దేనితో కొలవాలి: పత్రాల సంఖ్యతోనా, పరికరాలతోనా?

అనంత భౌతికం (అనంతపురం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇక్కడి ఒక పీజీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. శింగనమల వైపు పల్లె నుంచి వచ్చి మా దగ్గర ఎమ్మెస్సీ పూర్తి చేసిన ఒక విద్యార్థిని అయనావరణం (భూమికి చాలా ఎత్తున అయాన్లు, ఎలక్ట్రాన్లు ఉండే పొర) మీద పీహెచ్‌డీ చేయాలని పట్టుదలగా ఉంది. ఆమె దరఖాస్తు పెట్టదలచుకున్న చోట్లలో మొదటిది తిరువనంతపురం దగ్గర వలియమలలో ఉన్న భారత అంతరిక్ష విజ్ఞాన సాంకేతిక సంస్థ, అంటే మనమంతా ఐఐఎస్‌టీ అని పిలిచేది. మా సహోద్యోగి ఒకరు ప్రచురణల సంఖ్యలున్న పట్టిక ఒకటి తీసి, పాత ఐఐటీల పక్కన పెడితే ఇది ఏ మూలకూ రాదని, అంత దూరం వెళ్లడం ఎందుకని అన్నారు. ఆమె తండ్రిగారి మనసులో కూడా ఆ మాటే నాటుకుపోయింది.

ఆ పట్టికలోని అంకెలు తప్పని నేను అనడం లేదు. అయితే ఒకే రంగం కోసం పుట్టిన విశ్వవిద్యాలయాన్ని, ఇరవై శాఖలున్న సంస్థతో మొత్తం పత్రాల లెక్కన పోల్చడం సబబేనా అన్నది నా సందేహం. సబబు కాకపోతే మరి దేన్ని చూడాలి? ఒక అమ్మాయి జీవితంలో నాలుగైదేళ్లు దీనిమీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి, తెలిసినవారు తీరికగా, వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

మీ సందేహం సబబైనదే. నేను ఇంజినీరింగ్ కళాశాలలో పనిచేస్తూ ర్యాంకింగుల కోసం ఏటా సమాచారం నింపేవాడిని కాబట్టి ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో చెబుతాను.

కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో, ఇంజినీరింగ్ విభాగంలో నూటికి 30 పాళ్లు పరిశోధనకు ఇస్తారు. ప్రచురణలు, వాటి నాణ్యత, పేటెంట్లు, ప్రాజెక్టుల రాబడి అందులోకి వస్తాయి. ఇందులో ప్రచురణలనూ సైటేషన్లనూ (ఒక పత్రాన్ని ఇతర పత్రాలు ఉదహరించిన లెక్క) బయటి డేటాబేసుల నుంచి తీసుకుంటారు. ఆ డేటాబేసుకు ఒక పత్రం అంటే ఒక పత్రమే. నానోపదార్థాల మీద వచ్చిన పత్రం ఏడాది తిరక్కుండానే పదుల సైటేషన్లు తెచ్చుకోగలదు, ఎందుకంటే ఆ రంగంలో రాసేవారు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. రాకెట్ నాజిల్‌లో ప్రవాహం గోడను వదిలి విడిపోయే తీరు మీద మంచి పని చేసినవారికి, ప్రపంచం మొత్తం మీద ఆ పత్రాన్ని చదివి తిరిగి వాడుకోగల బృందాలు చాలా కొద్ది. రెండింటినీ ఒకే గడిలో కూడి పోల్చినప్పుడు, పదార్థశాస్త్రం పెద్దగా ఉన్న సంస్థ సహజంగానే పైకి వెళుతుంది. మీ సహోద్యోగి పట్టికను కనీసం అధ్యాపకుల సంఖ్యతో భాగించి, శాఖల వారీగా విడదీసి చూడమనండి. చిత్రం చాలావరకు మారుతుంది.

ఇంకొక సంగతి బాధతోనే రాస్తున్నాను. పత్రాల సంఖ్యకు విలువ కట్టడం మొదలయ్యాక మా వైపు కొన్ని కళాశాలల్లో ఏం జరిగిందో చాలామందికి తెలుసు. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట, ఏటా ఇన్ని పత్రాలని ప్రతి అధ్యాపకుడికీ లక్ష్యం పెట్టారు. డబ్బు కడితే పది రోజుల్లో అచ్చువేసే పత్రికలు అప్పటికే తయారుగా ఉన్నాయి. ప్రయోగశాలలో ఆసిలోస్కోపు పాడై మూలన పడి ఉన్నా పత్రాల సంఖ్య మాత్రం పెరుగుతూ పోయింది. యూజీసీ 2022 నియమావళిలో, థీసిస్ సమర్పించే ముందు తప్పనిసరిగా పత్రం ప్రచురించాలన్న షరతు తీసివేసింది. 2025 ఫిబ్రవరిలో తాను గుర్తించిన పత్రికల జాబితా అయిన కేర్‌ను కూడా నిలిపివేసింది. అయినా లక్ష్యాలు పెట్టే అలవాటు పోలేదు. కాబట్టి సంఖ్య పెద్దదన్న ఒక్క కారణంతో ఎవరూ ఎక్కడికీ వెళ్లకూడదని నా అభిప్రాయం.

పెన్నా కాలువ (కడప)

నా ఎం.టెక్. వలియమలలోనే. అందువల్ల నాకు ఆ సంస్థ మీద అభిమానం ఉన్న మాట నిజం, అది దృష్టిలో పెట్టుకునే చదవండి.

ముందుగా ఆ సంస్థ స్వరూపం చెప్పాలి. 2007 సెప్టెంబరులో అంతరిక్ష విభాగం కింద డీమ్డ్ విశ్వవిద్యాలయంగా మొదలైంది. తొలి ఛాన్సలర్ అబ్దుల్ కలాం గారు. మొదట వెలిలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం ఆవరణలో నడిచి, 2010లో వలియమల ప్రాంగణానికి మారింది. ఇస్రోకు కావలసిన ఇంజినీర్లను తయారుచేయడం దాని మొదటి కర్తవ్యం, పరిశోధన దానితో పెనవేసుకుని నడుస్తుంది. ఇస్రో కేంద్రాల కోసం చేసే పనిలో కొంత నివేదికగా వెళ్లి అక్కడే ఉండిపోతుంది, పత్రంగా బయటికి రాదు. ఆ భాగం ఏ డేటాబేసుకూ కనబడదు.

కనబడే భాగంలో కూడా పత్రానికి ముందున్న దశ ఒకటి ఉంటుంది. ఆ విద్యార్థిని అంశం అయనావరణమే అన్నారు కాబట్టి అక్కడి అయాన్లను కొలిచే ఏఆర్‌ఐఎస్ అన్న పరికరం గురించి వివరిస్తాను. 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 రాకెట్ మన ఎమిశాట్ ఉపగ్రహాన్ని 748 కిలోమీటర్ల ఎత్తులో, విదేశీ చిన్న ఉపగ్రహాలను 504 కిలోమీటర్ల ఎత్తులో వదిలి, ఆఖరున తన నాలుగో దశను 485 కిలోమీటర్ల కక్ష్యకు దించుకుంది. మామూలుగా ఆ దశ పని అయిపోయిన ఖాళీ తొట్టి. ఆసారి దానిమీద మూడు పరికరాలు పెట్టారు. వాటిలో ఒకటి ఐఐఎస్‌టీ తయారుచేసిన ఈ ఏఆర్‌ఐఎస్.

పని తీరు ఇది. పరికరం ముఖాన ఒక రంధ్రం, దాని వెనుక ఒకదాని తర్వాత ఒకటిగా సన్నని లోహపు జాలీలు, చివర ఒక పళ్లెం. కక్ష్యలో దాని వేగం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్లు. ఆ ఎత్తులో అయాన్ల సొంత కదలిక దీనితో పోలిస్తే తక్కువ కాబట్టి, పరికరమే వాటిని ఢీకొంటూ పోతుందని అనుకోవచ్చు. ఆ వేగానికి ఒక ఆక్సిజన్ అయాను శక్తి దాదాపు 4.8 ఎలక్ట్రాన్ వోల్టులు అవుతుంది, హైడ్రోజన్ అయానుకు 0.3 మాత్రమే. ఇప్పుడు మధ్య జాలీకి సున్నా నుంచి మెల్లగా ధన వోల్టేజీ పెంచుకుంటూ పోతే, ముందు తేలిక అయాన్లు ఆగిపోతాయి, తర్వాత బరువైనవి ఆగుతాయి. పళ్లెం మీద పడే విద్యుత్ ప్రవాహం అంచెలంచెలుగా తగ్గుతుంది. ఆ గీత ఎక్కడ పడిపోయిందో చూస్తే ఏ అయాన్లున్నాయో తెలుస్తుంది. ఎంత నిటారుగా పడిపోయిందో చూస్తే వాటి ఉష్ణోగ్రత తెలుస్తుంది. మొదట ఎంత ఎత్తున ఉందో చూస్తే సాంద్రత తెలుస్తుంది. పళ్లెం ముందు ఇంకొక జాలీకి రుణ వోల్టేజీ ఇవ్వాలి. ఇవ్వకపోతే సూర్యకాంతికి పళ్లెం నుంచి లేచే ఎలక్ట్రాన్లు లెక్కంతా పాడుచేస్తాయి.

ఇందులో ప్రతి జాలీ తీగ మందం, వాటి మధ్య దూరం, అంత చిన్న ప్రవాహాన్ని రాకెట్ దశలోని విద్యుత్ గోల నడుమ కొలిచే సర్క్యూటు, శూన్యపు గదిలో పరీక్ష, కంపన పరీక్ష, ఇవన్నీ విద్యార్థులూ అధ్యాపకులూ కూర్చుని తేల్చిన పనులు. పట్టికలో వీటికి గడి లేదు. 2023 ఏప్రిల్ 22న పీఎస్‌ఎల్‌వీ-సీ55 నాలుగో దశ మీద, అంటే పోయెమ్-2 మీద, ఏఆర్‌ఐఎస్-2 వెళ్లింది. దానితోపాటు పైలట్ అన్న మరొక ఐఐఎస్‌టీ ప్రయోగం కూడా వెళ్లింది. ఒక పరికరం రెండో రూపం మళ్లీ కక్ష్యకు చేరిందంటే ఆ ప్రయోగశాలలో పని ఒక తరం విద్యార్థుల నుంచి మరొక తరానికి అందుతున్నదని అర్థం. నేనైతే ముందు దాన్ని చూస్తాను.

గండికోట వాసి (జమ్మలమడుగు)

పెన్నా కాలువ గారి వివరణ చాలా బాగుంది. అయితే ఒక చోట నేను విభేదించక తప్పదు. నివేదికగా వెళ్లి అక్కడే ఉండిపోయే పనిని మనం పరిశోధనా ఫలితంగా ఎలా లెక్కించగలం? నేను ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పి విరమించిన వాడిని. ఉపపత్తి చూపకుండా జవాబు మాత్రం రాసిన పిల్లవాడికి మార్కులు వేయలేదు. ప్రజల పన్నుతో నడిచే సంస్థ తన పనిని బయటి వారు పరీక్షించగల రూపంలో పెట్టాలి. రక్షణకు సంబంధించినది దాచవచ్చు, అందులో వాదన లేదు. కానీ "లోపల చాలా జరుగుతున్నది, మీకు కనబడదు" అన్న మాటను ఏ సంస్థ అయినా చెప్పుకోవచ్చు. అది నిజమో కాదో అనంతపురంలో కూర్చున్న ఆ అమ్మాయి తండ్రి ఎలా తెలుసుకుంటారు?

పెన్నా కాలువ (కడప)

గండికోట వాసి గారూ, కనబడని పనికి మార్కులు వేయమని నేను అడగడం లేదు. పరికరం కనబడుతుంది, అది ఎక్కిన రాకెట్ కనబడుతుంది, తేదీ కనబడుతుంది. వాటిని పత్రాల పక్కన పెట్టి చదవాలన్నదే నా మాట. నివేదికల విషయంలో మీ అభ్యంతరం న్యాయమే. థీసిస్ ఒక్కటే అక్కడ మనకు ఆసరా. పీహెచ్‌డీ థీసిస్‌లో పరికరం గీతలు, విఫలమైన పరీక్షలు, క్రమాంకనం, అన్నీ పత్రంలో కంటే ఎంతో వివరంగా ఉంటాయి. నాలుగు పేజీల పత్రంలో ఒక్క వాక్యంగా మిగిలినది థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది.

హగరి ఇసుక (రాయదుర్గం)

నేను వ్యవసాయ పరిశోధన రంగంలో ఉన్నాను, అంతరిక్షం నా విషయం కాదు. అయినా ఇలాంటి మరొక విశ్వవిద్యాలయం చేసిన పని నా రంగానికి తగిలింది కాబట్టి రాస్తున్నాను. ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో ఐసే-సుపాయెరో అన్న సంస్థ ఉంది. 1909లో మొదలైన ఆ పాఠశాలే ప్రపంచంలో విమాన ఇంజినీరింగ్ కోసం పెట్టిన తొలి పాఠశాల. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లోని సూపర్‌క్యామ్ పరికరానికి మైక్రోఫోన్ వారిదే.

అది నెలకు ఎనిమిది సార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలకు లోపు మాత్రమే వింటుంది. 2021 సెప్టెంబరు 27న అలా వింటుండగా ఒక సుడిగాలి నేరుగా రోవర్ మీదుగా పోయింది. వ్యాసం దాదాపు 25 మీటర్లు, ఎత్తు కనీసం 118 మీటర్లు. గాలి శబ్దం పెరిగి, నడుమ ఒక్కసారి అణిగి, మళ్లీ పెరిగింది. ఆ అణిగినది సుడి మధ్యభాగం. అంతకంటే విలువైన సంగతి, ధూళి రేణువులు పరికరానికి తగిలిన చప్పుళ్లు విడివిడిగా వినిపించడం. 308 తాకిళ్లను వారు లెక్కపెట్టారు. 2022 డిసెంబరులో ఆ పత్రం వచ్చింది.

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి రావడం ఈ జిల్లా వారందరికీ తెలిసినదే. గాలికి ఎంత ఇసుక లేస్తుందో మేము ఉచ్చుల్లాంటి డబ్బాలు పెట్టి తూచి చూస్తాం. ఎంత లేచిందో చివరికి తెలుస్తుంది గాని, ఏ క్షణంలో ఎన్ని రేణువులు కదిలాయో తెలియదు. చవకైన మైక్రోఫోనుతో రేణువుల తాకిళ్లను లెక్కపెట్టవచ్చన్న ఆలోచన నాకు ఆ పత్రం చదివాకే కలిగింది. తులూజ్ వారి సైటేషన్ల లెక్కలో నేను ఎక్కడా లేను, ఎందుకంటే నేను దానిమీద ఇంకా ఏమీ రాయలేదు. కానీ వారి పని హగరి ఒడ్డు దాకా వచ్చింది. గండికోట వాసి గారు అడిగిన "బయటి వారు పరీక్షించగల రూపం" అంటే ఇదే అనుకుంటాను. ఆ శబ్దాన్ని ఎవరైనా వినవచ్చు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

హగరి ఇసుక గారు చెప్పినదానిలో లెక్కకు సంబంధించిన ఇంకొక మెలిక ఉంది. సూపర్‌క్యామ్ పత్రాల మీద అమెరికా, ఫ్రాన్స్, స్పెయిన్ సంస్థల పేర్లు వరుసగా ఉంటాయి. సాధారణ లెక్కలో ఆ ఒక్క పత్రం ప్రతి సంస్థకూ ఒక పూర్తి పత్రంగా జమ అవుతుంది. ఐఐఎస్‌టీకి కూడా ఇది వర్తిస్తుంది. 2022 ఫిబ్రవరి 14న పీఎస్‌ఎల్‌వీ-సీ52తో వెళ్లిన ఇన్‌స్పైర్‌శాట్-1ను కొలరాడో విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాలతో కలిసి ఐఐఎస్‌టీ చేపట్టింది, సింగపూర్, తైవాన్ విశ్వవిద్యాలయాల చేయీ అందులో ఉంది. అందులోని సౌర ఎక్స్‌కిరణ వర్ణపటమాపకం కొలరాడో వారిది, అయనావరణ పరికరం తైవాన్ వారిది. ఆ ఉపగ్రహం నుంచి వచ్చిన పత్రంలో ఐఐఎస్‌టీ పేరు కనబడితే, ఆ పేరు వెనుక ఏ పని ఉందో చూడాలి. ఉపగ్రహాన్ని కూర్చి పరీక్షించారా, భూకేంద్రం నుంచి సంకేతాలు అందుకున్నారా, డేటాను విశ్లేషించారా? పత్రికలు ఇప్పుడు ఎవరు ఏ పని చేశారో చివర రాయిస్తున్నాయి. పీహెచ్‌డీకి వెళ్లేవారు ముందుగా చదవవలసినది ఆ చిన్న పేరానే.

రోవర్ సర్వే (ఆదోని)

అందరికీ నమస్కారం. నేను సర్వేయరును. భూముల రీసర్వేలో జీఎన్‌ఎస్‌ఎస్ రోవర్, అంటే ఉపగ్రహ సంకేతాలతో చోటును కొలిచే చేతి పరికరం, పట్టుకుని పొలాల గట్ల మీద తిరిగేవాళ్లం. అయనావరణం అన్న మాట చూసి ఆగాను, ఎందుకంటే మా పనిని ఆపేది అదే.

ఉపగ్రహం సంకేతం ఆ పొర గుండా వస్తూ ఆలస్యమవుతుందని శిక్షణలో చెప్పారు. నిలువుగా ఒక ప్రమాణం ఎలక్ట్రాన్లు ఎక్కువైతే జీపీఎస్ మొదటి తరంగం మీద 16 సెంటీమీటర్ల తేడా వస్తుందట. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో మధ్యాహ్నం వంద ప్రమాణాలు దాటితే అది 16 మీటర్లు. కార్స్ స్టేషను, అంటే ఒకే చోట స్థిరంగా ఉండే ఆధార కేంద్రం, దగ్గరగా ఉంటే రెండు చోట్లా ఒకే తేడా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. దూరం పెరిగేకొద్దీ మిగులు పడుతుంది. పని ఒత్తిడిలో సాయంత్రం పొద్దుపోయాక కూడా కొలుద్దామని చూసిన రోజుల్లో, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఫిక్స్ (కచ్చితమైన కొలత) వచ్చినట్టే వచ్చి ఫ్లోట్‌కు (నిలకడలేని అంచనాకు) పడిపోయేది. రైతు టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటాడు, మాకు అంకె నిలవదు. నా ప్రశ్న ఒక్కటే. ఆ అమ్మాయి చేయబోయే పరిశోధన మాకు ఈ గంటలో కొలవవద్దని ముందుగా చెప్పే దాకా వస్తుందా?

అనంత భౌతికం (అనంతపురం)

రోవర్ సర్వే గారూ, మీ ప్రశ్న ఆమెకు చదివి వినిపించాను. మీరు చూసినది సరిగ్గా ఆమె అంశమే. అయస్కాంత భూమధ్యరేఖ తిరువనంతపురానికి దగ్గరగా పోతుంది. 1963లో తొలి రాకెట్ ఎగిరిన తుంబను రాకెట్ కేంద్రంగా ఎంచుకున్నది అందుకే. పొద్దు గుంకాక ఆ రేఖకు ఇరువైపులా అయనావరణం అడుగుభాగం త్వరగా పలచబడుతుంది, పైభాగం దట్టంగా ఉండిపోతుంది. బరువైనది పైన, తేలికైనది కింద ఉన్న ఆ స్థితి నిలవదు. కింది నుంచి పలుచని బుడగలు పైకి పొడుచుకుని వస్తాయి. వాటి అంచుల్లో సాంద్రత ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల సంకేతం మిణుకుమిణుకుమంటుంది, మీ రోవర్ పట్టు వదిలేస్తుంది. విషువత్తుల నెలల్లో, సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో ఇది ఎక్కువ. ప్రస్తుత సౌరచక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు.

కారణం తెలిసినా, ఈ రోజు సాయంత్రం బుడగ లేస్తుందా లేదా అన్నది ముందుగా చెప్పడం ఇంకా కష్టంగానే ఉంది. ఆమె పట్టుకోవాలనుకుంటున్నది ఆ కొసనే.

తుంగభద్ర తీరం (కర్నూలు)

నేను ఎలక్ట్రానిక్స్ చివరి ఏడాది చదువుతున్నాను. పరికరం కక్ష్యకు వెళ్లడం ఐఐఎస్‌టీ వంటి చోట సాధ్యం, ఎందుకంటే ఇస్రో వారి ఇల్లే. మా లాంటి కళాశాలలకు ఇందులో చోటు ఉందా, లేక మేము వార్తలు చదవడంతో సరిపెట్టుకోవాలా అని తెలుసుకోవాలని ఉంది.

పెన్నా కాలువ (కడప)

ఉందమ్మా, నిస్సందేహంగా ఉంది. 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53తో నాలుగో దశను మొదటిసారిగా తన దిశను తాను నిలుపుకునే వేదికగా మార్చారు. పోయెమ్ పేరు అక్కడి నుంచే వచ్చింది. 2024 జనవరి 1న వెళ్లిన పోయెమ్-3 మీద తిరువనంతపురంలోని ఎల్‌బీఎస్ మహిళా ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థినులు తయారుచేసిన వీశాట్ ఉంది. అతినీలలోహిత కిరణాలను కొలవడం దాని పని. అదే ఏడాది డిసెంబరు 30న పోయెమ్-4 మీద బెంగళూరు ఆర్‌వీ కళాశాల విద్యార్థుల పరికరం వెళ్లింది. వారెవరూ ఇస్రో ఉద్యోగులు కారు. బయటి సంస్థలకు అంతరిక్ష అవకాశాలు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ ద్వారా దరఖాస్తు పెట్టుకున్నవారు.

ఖర్చు కుదరదంటే డేటా ఉంది. ఇస్రో ప్రదాన్ వెబ్‌సైటులో చంద్రయాన్-2, ఆదిత్య-ఎల్1 డేటా నమోదు చేసుకున్నవారికి ఉచితం. బెంగళూరు దగ్గర బైలాలులోని ఇస్రో డేటా కేంద్రం దాన్ని నిర్వహిస్తుంది. మీ కళాశాలలో వైఫై ఉంటే చాలు. ప్రాజెక్టు కోసం ట్రాఫిక్ లైటు సర్క్యూటు మళ్లీ మళ్లీ చేసే బదులు, ఆదిత్య డేటాలో ఒక సౌరజ్వాలను పట్టుకుని దాని వెలుగు గీత గీసి చూడండి.

గండికోట వాసి (జమ్మలమడుగు)

మన దగ్గర జరుగుతున్న పనిని కూడా ఈ చర్చలో చెప్పుకోవాలి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో, ఇస్రో ఏరోసాల్ పరిశీలనా కేంద్రాల వరుసలో భాగంగా, గాలిలోని మసినీ ధూళినీ ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వారు వాన చినుకుల పరిమాణం కొలిచే యంత్రం పెట్టి, నైరుతి వానకూ ఈశాన్య వానకూ చినుకులో తేడా ఏమిటో పత్రాలు రాశారు. ఐఐఎస్‌టీకి కూడా పొన్ముడి కొండ మీద వాతావరణ పరిశీలనాలయం ఉంది. పొన్ముడి తడి కొండ, అనంతపురం ఎండు నేల. రెండు చోట్ల కొలతలూ పక్కపక్కన పెట్టుకుంటేనే ధూళి సంగతి పూర్తిగా అర్థమవుతుంది. అంతరిక్ష విశ్వవిద్యాలయం పేరు విని మన కొలతలను చిన్నచూపు చూడకూడదని నా మనవి. దశాబ్దాల వరుస కొలత ఎక్కడ ఉన్నా అది అపురూపం, దాన్ని మధ్యలో ఆపితే తర్వాత ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.

మొదట నేను లేవనెత్తిన అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. పరికరం ఎక్కిన తేదీ చెప్పడం సులభం, దాని డేటా ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. ఇన్‌స్పైర్‌శాట్ సౌర ఎక్స్‌కిరణాల డేటాను కొలరాడో వారు అందరికీ అందుబాటులో పెట్టారు. నేను కోరుకునే పద్ధతి అది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. డేటా తెరిచి పెట్టిన సంస్థకు పత్రాలు కూడా తర్వాత వాటంతట అవే పెరుగుతాయి. బయటి వారు ఆ డేటాను వాడి రాస్తారు, మూలాన్ని ఉదహరిస్తారు. ర్యాంకింగుల వారు డేటాకు కూడా మార్కులు పెడితే మా కళాశాలల్లో ఆసిలోస్కోపులు బాగవుతాయి.

అనంత భౌతికం (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలను పట్టుకుని ఆమె, నేను కూర్చుని ఆ శాఖలో తన అంశానికి దగ్గరగా ఉన్న థీసిస్‌లను, పత్రాల చివరి పేరాలను చదివాం. ఆమె తండ్రిగారికి మొత్తం సంఖ్యల పట్టిక బదులు ఏఆర్‌ఐఎస్ జాలీల బొమ్మ గీసి చూపించింది. ఆయన బోరుబావుల పని చేసిన మనిషి. ఏ జాలీ దేన్ని ఆపుతుందో అడిగి తెలుసుకున్నారు, ర్యాంకు సంగతి ఎత్తలేదు.

మార్గదర్శకులు కాగల ఇద్దరికి ఉత్తరాలు రాసింది. తన డేటా ఏ పరికరం నుంచి వస్తుంది, అది ఇప్పటికే చేతిలో ఉందా లేక ఎగరబోయే ప్రయోగం మీద ఆధారపడి ఉందా, ప్రయోగం వాయిదా పడితే థీసిస్ ఏమవుతుంది, తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ కొలతలతో కలిపి చూసే వీలుంటుందా అని అడిగింది. గాదంకి ప్రస్తావన ఆమె సొంత ఆలోచన. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్ మూడు మీటర్ల లోపు స్థాయిలోని ఎగుడుదిగుళ్లను కింది నుంచి చూస్తుంది, కక్ష్యలోని పరికరం అదే బుడగను లోపలి నుంచి కోసుకుంటూ పోతుంది. రెండూ ఒకే సాయంత్రం ఒకే బుడగను పట్టుకున్న సందర్భాలు వెతకాలని ఆమె ఉద్దేశం. ఒకరి నుంచి జవాబు వచ్చింది. వాయిదా ప్రశ్నకు ఆయన దాపరికం లేకుండా, పాత డేటాతో మొదటి రెండు అధ్యాయాలు పూర్తయ్యేలా పని మొదలుపెట్టాలని రాశారు.

రోవర్ సర్వే (ఆదోని)

ఏ తేదీన, ఏ వేళకు, ఏ గ్రామంలో ఫిక్స్ పోయిందో మా రోవర్ లాగ్ ఫైళ్లలో ఉంటుంది. అధికారుల అనుమతి తీసుకుని, రైతుల వివరాలు తొలగించి, సమయమూ ఉపగ్రహ సంకేతాల బలమూ మాత్రం ఇవ్వగలిగితే ఆమెకు పనికివస్తాయా?

పెన్నా కాలువ (కడప)

తప్పకుండా పనికివస్తాయి. సంకేతాల బలం సెకనుకు ఒకసారైనా నమోదై ఉండాలి, అది ముందు చూసుకోండి. పది సెకన్లకు ఒకటి చొప్పున ఉంటే మిణుకు కనబడదు, పట్టు పోయిన సమయం మాత్రమే తెలుస్తుంది. అయినా అది కూడా గాదంకి రికార్డుతో సరిచూడటానికి అక్కరకు వస్తుంది.

అనంత భౌతికం గారూ, ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఒక్క మాట చెప్పండి. వోల్టేజీ పెరిగేకొద్దీ ప్రవాహం తగ్గే ఆ గీతను బోర్డు మీద గీసి, పరికరం ఉన్న రాకెట్ దశ కొంచెం పక్కకు తిరిగితే గీత ఎలా మారుతుందో అడిగే అవకాశం ఎక్కువ. రంధ్రం ప్రయాణ దిశకు నేరుగా లేకపోతే అయాన్ల వేగంలో కోసైను భాగం మాత్రమే లోపలికి పనిచేస్తుంది, గీత తక్కువ వోల్టేజీ వైపు జరుగుతుంది. పది, ఇరవై డిగ్రీలకు ఎంత జరుగుతుందో చేత్తో లెక్కవేసి పెట్టుకోమనండి.